దానికి పేరేటీ లేదా బాబూ?

ముందుగా ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. ఇంత పొడుగు వ్యాసం తెలుగులో రాయడం ఇదే మొదటిసారి. ఒత్తులు, దీర్ఘాలు మన క్లబ్‌లోని ఎడిటర్ అక్క సరిచేసింది. అభిప్రాయాలు మాత్రం నావే, తిట్లేమైనా ఉంటే నాకే పంపండి.

మాది నర్సీపట్నం. అమ్మమ్మ వాళ్ళది అక్కడి నుంచి చింతపల్లి వెళ్ళే దారిలో ఒక చిన్న ఊరు. పోయిన వేసవిలో ఆ ఊరి హైస్కూల్‌కి ఒక పని చేసిపెట్టాను. ఇంట్లో మూలన పడున్న పాత డెస్క్‌టాప్ తుడిచి, లినక్స్ ఎక్కించి, కివిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో తెలుగు వికీపీడియా మొత్తం అందులో పెట్టాను. ఇంటర్నెట్ అక్కర్లేదు. పక్కన ఒక పాత వైఫై రౌటర్. స్కూల్లో ఉన్న నాలుగు కంప్యూటర్ల నుంచి, మాస్టార్ల ఫోన్ల నుంచి ఎవరైనా ఆ పెట్టెలోని పేజీలు చదువుకోవచ్చు. ఆ ఊళ్ళో సిగ్నల్ ఎలా ఉంటుందో ఆ వైపు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మేడెక్కితే రెండు గీతలు, దిగితే సున్నా.

గోడ మీద చార్ట్ పేపర్ అంటించి, స్కెచ్ పెన్‌తో పెద్ద అక్షరాల్లో "192.168.1.7 అని టైప్ చేయండి" అని రాశాను. తెలుగు మాస్టారు నా భుజం తట్టారు. నేను స్టేటస్ పెట్టుకున్నాను. నూట పన్నెండు మంది చూశారు. అక్కడితో సమాజసేవ అయిపోయిందనుకుని కాలేజీకి వచ్చేశాను.

స్కూళ్ళు తెరిచిన మూడు వారాలకి మాస్టారి ఫోన్. "బాబూ, నీ మిషన్ చచ్చిపోయినట్టుంది. ఆ నంబరు కొడితే ఏమీ రావట్లేదు. తెరిచిన రెండో రోజు నుంచీ ఇంతే. నువ్వు చదువుకుంటున్నావు కదా, ఇబ్బంది పెట్టడం ఎందుకని చెప్పలేదు" అన్నారు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకమ్మాయి రోజూ ఇంటర్వెల్‌లో వచ్చి "మాస్టారూ, బాగయ్యిందా?" అని అడిగేదట. అల్లూరి సీతారామరాజు మీద ప్రాజెక్ట్ రాసుకుంటోందట. కృష్ణదేవిపేటలోని ఆయన సమాధి చూసొచ్చింది. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి ఎలా జరిగిందో చదవాలనుకుంది. చివరికి గైడ్ చూసి నాలుగు లైన్లు రాసిచ్చేసిందట.

పెట్టె చచ్చిపోలేదు. స్కూళ్ళు తెరిచిన మర్నాడు కరెంటు పోయి వచ్చింది. ఇంట్లో మనకి ఐపీ అడ్రస్ ఇచ్చేది రౌటర్. ఎవరు ముందొచ్చి అడిగితే వాళ్ళకి ఒక నంబరు ఇస్తుంది, టోకెన్ కౌంటర్ లాగ. కరెంటు వచ్చాక నా ముసలి డెస్క్‌టాప్ బూట్ అయ్యేలోపు స్టాఫ్ రూమ్ ల్యాప్‌టాప్ ముందు లేచి 7 తీసుకుంది. నా పెట్టెకి వేరే నంబరు వచ్చింది. మూడు వారాలు అది బుద్ధిగా పనిచేస్తూనే ఉంది, పిల్లల కోసం చూస్తూనే ఉంది. పిల్లలు పక్క తలుపు కొడుతున్నారు, అంతే.

ఇదంతా నేను ఫోన్‌లో గడగడా వివరించాను. డీహెచ్‌సీపీ, లీజు, అలాటివన్నీ. మాస్టారు ఓపిగ్గా విని ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"అయితే దానికి పేరేటీ లేదా బాబూ?"

నవ్వేశాను. ఫోన్ పెట్టాక నవ్వు రాలేదు. ఆ ప్రశ్న గురించే ఈ వ్యాసం.

మనకి చెప్పింది, చెప్పనిది

మనందరం డీఎన్‌ఎస్ చదివాం. ఐదు మార్కుల ప్రశ్న, బొమ్మ గీస్తే ఇంకో మార్కు. పేరు ఇస్తే నంబరు చెప్పే వ్యవస్థ. రూట్ సర్వర్, దాని కింద డాట్ కామ్, డాట్ ఇన్, దాని కింద మరొకటి. అది రాకముందు అర్పానెట్ రోజుల్లో హోస్ట్స్ డాట్ టీఎక్స్‌టీ అనే ఒకే ఒక్క ఫైల్ ఉండేది. ఆ నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్ల పేర్లు, నంబర్లు అన్నీ అందులోనే. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్‌లర్ అనే ఆవిడ నడిపిన ఆఫీసు దాన్ని రాసి ఉంచేది. మిగతావాళ్ళు కాపీ తెచ్చుకునేవాళ్ళు. ఊరు చిన్నగా ఉన్నప్పుడు కరణం దగ్గర ఒకే దస్త్రం ఉన్నట్టన్నమాట. ఊరు పెరిగింది, దస్త్రం మోయలేకపోయారు. 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్‌ఎస్ డిజైన్ చేశాడు.

ఇంతవరకు సిలబస్. అయితే ఈ పెద్ద వ్యవస్థ అంతా దూరంగా ఉన్న కంప్యూటర్ని వెతకడానికి. ఒకే గదిలో, ఒకే రౌటర్ కింద, చేయి చాపితే అందే దూరంలో ఉన్న రెండు కంప్యూటర్లు ఒకదాన్నొకటి పేరుతో ఎలా పిలుచుకుంటాయి? దీని గురించి క్లాసులో ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. మాస్టారు అడిగారు, నలభై ఏళ్ళు ఛందస్సు చెప్పిన మనిషి.

ఆ రాత్రి హాస్టల్లో కూర్చుని చదివాను. తెలుసుకున్నది మన భాషలో చెప్తాను.

వీధిలో కేక

మా వైపు నూకరాజు అనే పేరు ఎక్కువ. అనకాపల్లి నూకాంబిక అమ్మవారి పేరు మీద పెట్టుకుంటారు. మీరు కొత్తగా ఒక వీధిలోకి వెళ్ళారనుకోండి. నూకరాజు ఇల్లు తెలీదు. మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళి రికార్డు తీయిస్తారా? లేదు. వీధి మొదట్లో నిలబడి "నూకరాజు గారి ఇల్లెక్కడండీ?" అని ఒక కేక వేస్తారు. అందరికీ వినిపిస్తుంది. నూకరాజు మాత్రం తలుపు తీసి "ఇక్కడండీ" అంటాడు.

మల్టీకాస్ట్ డీఎన్‌ఎస్ అంటే ఇదే. పొట్టిగా ఎండీఎన్‌ఎస్. ఒక కంప్యూటర్ 224.0.0.251 అనే అడ్రస్‌కి, 5353 పోర్టు మీద ప్రశ్న పంపుతుంది. అది ఒక మనిషి అడ్రస్ కాదు, వీధి మొత్తానికి వినిపించే కేక. ఆ పేరు ఎవరిదో వాళ్ళు జవాబిస్తారు. పేరు చివర డాట్ లోకల్ అని ఉంటే చాలు, ప్రశ్న రౌటర్ దాటి బయటికి వెళ్ళదు. సర్వర్ లేదు, రికార్డు లేదు, కరణం లేడు.

మరి ఒకే వీధిలో ఇద్దరు నూకరాజులుంటే? మనం ఏం చేస్తాం? కిరాణా నూకరాజు, కరెంటు నూకరాజు అంటాం. ఎండీఎన్‌ఎస్ కూడా దాదాపు అంతే. కొత్తగా వచ్చిన కంప్యూటర్ పేరు పెట్టేసుకోదు. ముందు "ఈ పేరుతో ఎవరైనా ఉన్నారా?" అని 250 మిల్లీసెకన్ల తేడాతో మూడుసార్లు అడుగుతుంది. ఎవరూ పలకకపోతే ఆ పేరు తీసుకుని "నేను ఫలానా" అని వీధికి చెప్తుంది. ఎవరైనా పలికితే మర్యాదగా తన పేరు చివర 2 చేర్చుకుంటుంది. కిరాణా, కరెంటు అనేంత తెలివి దానికి లేదు పాపం.

ఇంకో రెండు మర్యాదలున్నాయి. నాకు ముందే తెలిసిన జవాబుని ప్రశ్నతో పాటే చెప్పేస్తే అవతలివాడు మళ్ళీ చెప్పడు. "మీకు తెలుసుగా" అని ఊరుకుంటాడు. వెళ్ళిపోయేటప్పుడు, అంటే సరిగ్గా షట్‌డౌన్ చేస్తే, "వెళ్ళొస్తానండీ" అని ఒక ప్యాకెట్ పంపుతుంది. అప్పుడు మిగతావాళ్ళు దాని పేరు మర్చిపోతారు. కరెంటు పోతే మాత్రం ఆ వీడ్కోలు ఉండదు. అందుకే అడ్రస్‌ని మామూలుగా రెండు నిమిషాలకి మించి గుర్తుపెట్టుకోవద్దని రూల్ పెట్టారు.

దీన్ని స్టువర్ట్ చెషైర్, మార్క్ క్రోచ్‌మల్ అనే ఇద్దరు యాపిల్ ఇంజినీర్లు రాశారు. 2002లోనే మ్యాక్‌లో వచ్చింది, ఇప్పుడు బాంజూర్ అంటారు. 2013 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 6762గా అధికారికంగా అచ్చయింది. లినక్స్‌లో ఇదే పని చేసేది అవాహీ. బాంజూర్ అంటే ఫ్రెంచ్‌లో నమస్కారం. అవాహీ అనేది మడగాస్కర్‌లో ఒక రకం లీమర్ పేరు. ఎవరికి నచ్చిన పేరు వాళ్ళు పెట్టుకున్నారు. ఈ విషయం గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

విండోస్‌ది వేరే కథ. 1983లో ఐబీఎం పీసీల కోసం సైటెక్ అనే కంపెనీ చేసిన నెట్‌బయాస్ అనే పాత పద్ధతి ఒకటుంది. అందులో పేరుకి 16 బైట్లు, చివరి బైట్ ఆ కంప్యూటర్ ఏ సర్వీస్ ఇస్తోందో చెప్పడానికి. మిగిలేది 15. ఇప్పుడు మీ ల్యాప్‌టాప్ పేరు చూడండి. డెస్క్‌టాప్ అని ఇంగ్లిష్‌లో ఏడక్షరాలు, ఒక హైఫన్, తర్వాత అర్థం లేని ఏడు అక్షరాలు, అంకెలు ఉంటే లెక్కపెట్టండి. సరిగ్గా పదిహేను. మనం పుట్టక ముందెప్పుడో పెట్టిన కొలత ఇది. ఇప్పటికీ మన ల్యాబ్‌లో ప్రతి మిషన్ ఆ కొలతకి కుట్టిన చొక్కానే వేసుకుంది.

దానికి పేరుంది

ఆ శనివారం బస్సెక్కి వెళ్ళాను. పెట్టె ముందు కూర్చుని అవాహీ ఇన్‌స్టాల్ చేద్దామని టెర్మినల్ తెరిచాను. అప్పటికే ఉంది. ఆ లినక్స్‌తో పాటే వచ్చింది, మొదటి రోజు నుంచీ నడుస్తోంది. నేను ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఏదో ఆలోచించకుండా ఎంటర్ కొట్టినప్పుడు వచ్చిన డిఫాల్ట్ పేరు ఒకటి దానికి ఉంది. ఆ మూడు వారాలూ అది ఆ పేరుకి పలకడానికి సిద్ధంగానే ఉంది. పిలిచినవాళ్ళే లేరు.

అంటే మాస్టారి ప్రశ్నకి సరైన జవాబు: "ఉందండీ. నాకే తెలీదు."

నాకు సిగ్గేసింది. నేను కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాను. ఒక మనిషి నోటికి తిరిగే పేరు ఉండగా, గోడ మీద నంబరు రాసి పోయాను. అందులో ఇంకో సంగతి కూడా ఉంది. నంబరు రాస్తే నేను తెలివైనవాడిలా కనిపిస్తాను. 192.168 అని చూడగానే "అబ్బో" అంటారు. పేరు రాస్తే ఎవరికైనా అర్థమైపోతుంది. నేను ఆ రోజు ఏది కావాలనుకున్నానో ఇప్పుడు నిజాయితీగా చెప్పలేను.

పేరు మార్చాను. ఇంగ్లిష్ అక్షరాల్లో బడి అని. బ్రౌజర్‌లో బడి డాట్ లోకల్ కొడితే పేజీ వచ్చింది. రౌటర్ ఆపి, మళ్ళీ వేసి, నంబరు మారేలా చేసి చూశాను. నంబరు మారింది, పేరు మారలేదు. మాస్టారికి ఇదంతా పట్టలేదు. స్క్రీన్ వైపు చూసి "బడి అని ఇంగ్లిష్‌లో ఎందుకు రాశావు? తెలుగు పుస్తకాలున్న పెట్టెకి తెలుగు పేరు రాదా?" అన్నారు.

ఇదీ మంచి ప్రశ్నే. అక్కడే కూర్చుని ప్రయత్నించాను.

స్టాండర్డ్ ప్రకారం వస్తుంది. ఎండీఎన్‌ఎస్‌లో పేర్లు యూటీఎఫ్-8లో ఉండాలని ఆర్‌ఎఫ్‌సీలోనే రాసుంది. అంటే తెలుగు, తమిళం, చైనీస్, ఏదైనా. ఒక పేరుకి 63 బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగులో ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతం గుర్తు, ఒక్కో పొల్లు మూడేసి బైట్లు తింటాయి. అంటే మనకి 21 గుర్తుల వరకు చోటుంది. బడి అంటే 9 బైట్లు. నర్సీపట్నం అంటే 30. బోలెడు చోటుంది.

కానీ పెట్టె ఒప్పుకోలేదు. లినక్స్‌లో కంప్యూటర్‌కి రెండు పేర్లుంటాయి. ఒకటి అధికారికం, అందులో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, హైఫన్ లాంటివే కుదురుతాయి. రెండోది "ప్రెటీ" పేరు, అందులో ఏ భాషైనా సరే. అంటే రికార్డు పేరు, ముద్దుపేరు. రికార్డులో ఇంగ్లిష్, ఇంట్లో తెలుగు. ఇది ఎక్కడో చూసినట్టు లేదూ? నేనూ అంతే. మీలో చాలామంది కూడా అంతే.

సరే, ఎలాగోలా తెలుగు పేరుతో వీధిలో పలికించినా, బ్రౌజర్ ఇంకో అడ్డం. అడ్రస్ బార్‌లో తెలుగులో బడి అని కొడితే బ్రౌజర్ దాన్ని అలాగే అడగదు. ప్యూనీకోడ్ అనే పద్ధతిలో మారుస్తుంది. ఎక్స్, ఎన్, రెండు హైఫన్లు, తర్వాత ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి. పెద్ద ఇంటర్నెట్‌లో ఇది అవసరమే, డాట్ భారత్ అని తెలుగులో ఉన్న డొమైన్ కూడా లోపల అలాగే నడుస్తుంది. కానీ వీధిలో ఏమవుతుందంటే, "బడి" అని పలకడానికి ఒకడు నిలబడి ఉంటాడు, పిలిచేవాడు ఎక్స్ ఎన్ అని ఏదో అరుస్తాడు. ఇద్దరూ ఒకే పేరు అనుకుంటున్నారు, ఒకరికొకరు అర్థం కారు.

ఒక్కచోట మాత్రం తెలుగు హాయిగా కుదిరింది. ఎండీఎన్‌ఎస్‌తో జతగా సర్వీసుల్ని ప్రకటించే పద్ధతి ఉంది, ఆర్‌ఎఫ్‌సీ 6763. ప్రింటర్ల లిస్ట్ మీ ఫోన్‌లో తనంతట తను కనిపిస్తుంది కదా, అది దీని పనే. అక్కడి పేర్లు మనుషులు చూసి ఎంచుకోవడానికి కాబట్టి, ఖాళీలతో సహా ఏ భాషలోనైనా పెట్టుకోవచ్చు. "మా బడి పుస్తకాలు" అని ప్రకటించాను. నా ల్యాప్‌టాప్‌లో వెతికితే తెలుగులోనే వచ్చింది, ఒత్తు కూడా తప్పలేదు. మాస్టారు చూసి "ఊఁ" అన్నారు. ఆయన దగ్గర ఊఁ అంటే డిస్టింక్షన్ కింద లెక్క.

నా వాదన

ఇప్పుడు నేను అసలు చెప్పదలుచుకున్నది.

మొదటిది. దగ్గరున్నదాన్ని దగ్గరున్నట్టే పిలవడం మనం మర్చిపోయాం. పక్క మంచం మీద కూర్చున్న రూమ్మేట్‌కి ల్యాబ్ రికార్డు పంపాలంటే మనం ఏం చేస్తాం? వాట్సాప్‌లో పెడతాం. మూడడుగుల దూరం వెళ్ళాల్సిన ఫైల్ ఎక్కడో డేటా సెంటర్‌కి వెళ్ళి, నీ డేటా, వాడి డేటా రెండూ తిని తిరిగొస్తుంది. నెట్ పోతే ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చుంటాం. ఒకే రౌటర్ కింద ఉన్నాం, వైరు దెబ్బతిన్నది బయట, కానీ మన మధ్య కూడా మాట ఆగిపోతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను చిన్నవాణ్ణి. ఫోన్లు లేవు, కరెంటు లేదు. అమ్మ వీధి చివర నిలబడి కేకేస్తే అవతలి వీధిలోంచి పిన్ని పలికిందని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పెద్ద వ్యవస్థ పడిపోయినప్పుడు పనిచేసేది వీధి కేకే. ఏజెన్సీ ఊళ్ళలో పెద్ద వ్యవస్థ చాలా రోజులు పడిపోయే ఉంటుంది.

రెండోది. పేరు అనేది వాడేవాళ్ళ కోసం, పెట్టినవాళ్ళ కోసం కాదు. మా ఊరివాళ్ళకి ఇది బాగా తెలుసు. రైల్వే వాళ్ళ లిస్ట్‌లో నర్సీపట్నం రోడ్డు అని ఒక స్టేషన్ ఉంది. బయటి ఊరి చుట్టాలు ఆ పేరు చూసి టికెట్ తీసుకుని, దిగి, ఫోన్ చేసి "వచ్చేశాం, నడిచి వచ్చేయచ్చా?" అని అడుగుతారు. ఊరు అక్కడికి బోలెడు దూరం, మళ్ళీ బస్సెక్కాలి. మా ఊళ్ళోకి రైలే లేదు. ఆ పేరు పట్టాలు వేసినవాళ్ళకి సౌకర్యం, దిగినవాళ్ళకి కాదు. నేను గోడ మీద రాసిన నంబరు కూడా అలాంటిదే. నాకు సౌకర్యం.

మూడోది. తెలుగు పేరు పెట్టుకోవచ్చని స్టాండర్డ్‌లో చోటుంచారు. ఇంగ్లిష్ తప్ప వేరే భాషలుంటాయని గుర్తుంచుకుని రాశారు. ఆ చోటు ఇప్పటిదాకా ఖాళీగా ఉండటానికి వాళ్ళు కారణం కాదు. ఆ మధ్యలో ఉన్న సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకి ఇది సమస్య అని మనం చెప్పలేదు, ఎందుకంటే మనం ప్రయత్నించలేదు. ప్రయత్నించాల్సింది ఎవరు? తెలుగూ, కోడూ రెండూ తెలిసినవాళ్ళు. అంటే ఈ పత్రిక చదువుతున్నవాళ్ళే కదా. మన క్లబ్‌లో తెలుగు భాష గురించి ప్రతి ఆగస్టు 29కి ఉపన్యాసాలు పెట్టుకుంటాం, నేనూ చప్పట్లు కొడతాను. అందులో ఒక్క మధ్యాహ్నం తీసి ఒక బగ్ రిపోర్ట్ రాస్తే ఎక్కువ పని జరుగుతుందని నా అభిప్రాయం.

మీరు అనబోయేవి

ఈ వ్యాసం డ్రాఫ్ట్ నా బ్యాచ్‌మేట్స్‌కి చూపించాను. ముగ్గురు మూడు అన్నారు. మూడింటిలోనూ నిజం ఉంది.

ఒకడు, "రౌటర్‌లోకి వెళ్ళి ఆ పెట్టెకి ఎప్పుడూ ఒకే ఐపీ వచ్చేలా సెట్ చేస్తే అయిపోయేది కదరా, ఇంత గోల ఎందుకు?" అన్నాడు. నిజమే, చేసుండాల్సింది. ఇప్పుడు చేశాను కూడా. కానీ రేపు ఆ రౌటర్ పాడై ఇంకోటి తెస్తే? దాన్ని సెట్ చేసేది ఎవరు? నేను అప్పటికి ఏ ఊళ్ళో ఉంటానో. పేరు పెట్టెతోనే ఉంటుంది, రౌటర్ మారినా దానితో పాటు వస్తుంది.

ఇంకొకడికి సెక్యూరిటీ పిచ్చి. "వీధిలో కేకేస్తే ఎవడైనా నేనే నూకరాజు అనొచ్చు కదా" అన్నాడు. ఇదే అసలైన అభ్యంతరం. ఈ కేకల పద్ధతుల్లో పలికినవాడు నిజంగా వాడేనా అని చూసే ఏర్పాటు లేదు. నెట్‌బయాస్‌లోనూ, విండోస్‌లో తర్వాత వచ్చిన ఎల్‌ఎల్‌ఎంఎన్‌ఆర్‌లోనూ దొంగ జవాబులిచ్చి పాస్‌వర్డ్ హ్యాష్‌లు కొట్టేసే టూల్స్ చాలాకాలంగా ఉన్నాయి. అందుకే కంపెనీల్లో అడ్మిన్లు వాటిని ఆపేస్తారు, ఆపాలి కూడా. నేను బ్యాంకుకి ఇది పెట్టమనట్లేదు. పాస్‌వర్డే లేని, అందరూ చదవడానికే పెట్టిన పుస్తకాల పెట్టెకి పెట్టమంటున్నాను. తెలిసిన వీధిలో తలుపు తీసి ఉంచడం వేరు, బస్టాండ్‌లో తీసి ఉంచడం వేరు. ఏది ఏదో తెలుసుకోవడమే మన చదువు.

మూడో అమ్మాయి, "మన హాస్టల్ లాంటి వైఫైలో ఇది పనే చేయదు, ప్రయత్నించావా?" అంది. ప్రయత్నించాను, చేయలేదు. వందల మంది వాడే వైఫైలో ఒకరి డివైస్ ఇంకొకరికి కనిపించకుండా ఐసొలేషన్ పెడతారు. అందరూ కేకలేస్తుంటే గాలి నిండా కేకలే అవుతాయి, అదీ ఒక కారణం. దానికి నా దగ్గర జవాబు లేదు. హాస్టల్ వైఫై వీధి కాదు, లాడ్జి. లాడ్జిలో పక్క గది తలుపు కొట్టకూడదు. కానీ మన ల్యాబ్ లాడ్జి కాదు కదా.

అందుకే ఒక చిన్న ప్రతిపాదన. మన ల్యాబ్‌లో మిషన్లకి పేర్లు పెడదాం. పర్మిషన్ అడిగి, ఒక్క వరస, పది మిషన్లు చాలు. మన ప్రాంతపు పేర్లు: శారద, వరాహ, తాండవ నదులు, లంబసింగి, బొజ్జన్నకొండ. స్టిక్కర్ మీద తెలుగులో, సిస్టమ్‌లో ప్రస్తుతానికి ఇంగ్లిష్ అక్షరాల్లో, పదిహేను లోపు. నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో మొదటి రోజు జూనియర్స్‌కి "తాండవని పింగ్ చేయండి" అని చెప్తే, ప్యాకెట్ ఎలా వెళ్ళిందో వైర్‌షార్క్‌లో చూపిస్తే, ఆ ఐదు మార్కుల బొమ్మ కంటే బాగా గుర్తుంటుంది. మడగాస్కర్ లీమర్ పేరు ప్రపంచమంతా పలుకుతోంది, వరాహ నది పేరు మన ల్యాబ్‌లో పలకకూడదా?

చివరగా, బడి

గోడ మీద చార్ట్ మార్చాను. పైన తెలుగులో బడి, దాని కింద ఇంగ్లిష్‌లో ఎలా టైప్ చేయాలో. వచ్చేశాను.

కథ ఇక్కడితో సుఖాంతం అని రాద్దామనుకున్నాను. పోయిన వారం మాస్టారు మళ్ళీ ఫోన్ చేశారు. కంప్యూటర్లన్నిటిలో బాగానే వస్తోందట. ఇద్దరు మాస్టార్ల పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం రావట్లేదట. ఆండ్రాయిడ్ చాలా ఏళ్ళపాటు బ్రౌజర్‌లో డాట్ లోకల్ పేర్లని పట్టించుకోలేదు, కొత్త వెర్షన్లలోనే వచ్చింది. అందుకని మాస్టారే చార్ట్ అడుగున చిన్న అక్షరాల్లో నంబరు కూడా రాసిపెట్టారట, "పాత ఫోనులకు" అని.

ఆ అమ్మాయి గురించి అడిగాను. తొమ్మిదిలోకి వెళ్ళాక మళ్ళీ రాస్తానందట, ఈసారి మన్యం తిరుగుబాటు మొత్తం. "ఇప్పుడేం చదువుతోందండీ?" అన్నాను.

"ఏమో బాబూ. బడి తెరువు అంటారు వీళ్ళు, పేజీ తెరువు అనరు. నాకు ముందు అర్థం కాలేదు, బడి తెరిచే ఉంది కదా అన్నాను" అన్నారు.

దసరా సెలవులకి వెళ్తున్నాను. ఆ ఫోన్ల సంగతి చూడాలి. ఎవరైనా వస్తానంటే చెప్పండి, నర్సీపట్నం బస్టాండ్‌లో దిగండి. రోడ్డు స్టేషన్‌లో కాదు.